గాదె, గంప, పేము బుట్ట

జొన్నలూ కందులూ కళ్ళం దాటి ఇల్లు చేరిన నాడు గృహిణి ముందు నిలిచే ప్రశ్న ఒకటే. వీటిని ఏడాది పొడుగునా చెడకుండా ఎక్కడ దాచుట? గుండ్లకమ్మ ఒడ్డునున్న అద్దంకి సీమలో మన పెద్దలు ఈ ప్రశ్నకు చెప్పిన జవాబు చాలావరకు అల్లికలో ఉన్నది. జొన్నలకు పాతర త్రవ్వినా, కందులకు వెదురు గాదె నిలిపినారు. మిరపకాయలకూ పత్తికీ గంపలు వాడినారు.

గాదె చూచుటకు మోటుదే గాని, దానిలో గొప్ప వివేకమున్నది. మేదరులు వెదురును నిలువునా చీల్చి, బద్దలు తీసి, పెద్ద బుట్టవలె అల్లుతారు. దానికి మట్టీ పేడా కలిపి మెత్తుతారు. బద్దలు బలమునిస్తాయి, పూత సందులను మూసి పురుగును అడ్డుతుంది. గాదెను రాళ్ళపై ఎత్తుగా నిలిపితే నేలచెమ్మ అంటదు. గాదె క్రింది పందికొక్కు అనే మాట మన భాషలో ఊరకే పుట్టలేదు.

అయితే ఎంత మంచి గాదె అయినా తడిగింజను కాపాడలేదు. నిలువచేసే ధాన్యంలో తేమ 14 శాతానికీ, ఎండుమిరపలో 11 శాతానికీ మించరాదు. మించితే బూజు పడుతుంది. కొన్ని బూజులనుండి పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని చెరుస్తుంది. కనుక గింజను బాగుగా ఎండబెట్టి, వేడి చల్లారిన తరువాతనే పోయాలి. ఎలుకలను ఆపుటలో మాత్రం లోహపు డబ్బా గాదెను మించినదని ఒప్పుకొనక తప్పదు.

మరి నేటి ఇంటిలో అల్లికకు చోటెక్కడ? గాలి ఆడవలసిన వస్తువులన్నిటికీ అదే తగిన చోటు. ఉల్లిగడ్డలు, మడతపెట్టిన బట్టలు, పిల్లల ఆటవస్తువులు బుట్టలలో పొందికగా ఇముడుతాయి. అంగళ్ళలో నునుపుగా మెరిసే బుట్టలు తరచుగా పేముతో అల్లినవి. వెదురు గడ్డిజాతి, దాని గడ సాధారణంగా బోలుగా ఉంటుంది. పేము తాటి కుటుంబానికి చెందిన తీగ. లోపల గట్టిగా ఉండి, వేడిచేస్తే వంగుతుంది. అది ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ వంటి దూరపు అడవులనుండి వస్తుంది. వెదురు మనకు చేరువది. పొదలో మూడు నాలుగేండ్లు ముదిరిన గడలనే ఏరి నరికితే, పొద మరల చిగురిస్తుంది.

బుట్టను పొడిగుడ్డతో దులిపి, మాసితే తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలి. అడుగున సన్నని పిండి రాలుతున్నదంటే, లోపల పురుగు తొలుస్తున్నదని గుర్తు. వెదురులోని పిండిపదార్థమే ఆ పురుగుకు ఆహారం. అందుచేతనే నరికిన గడలను కొన్ని వారాలు నీటిలో నానవేసే ఆచారం ఏర్పడినది.

1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగా పరిగణించినది. 2017లో జరిగిన సవరణతో అడవి కాని భూములలోని వెదురుకు ఆ బంధం తొలగినది. నేడు రైతు తన గట్టుపై పెంచి అమ్ముకొనవచ్చును. ముడిసరుకు దొరికినా, కొనేవారు లేనిదే మేదరి చేతిలోని కత్తి కదలదు. ప్లాస్టిక్ తొట్టి పగిలితే పారవేస్తాము. బుట్ట అంచు ఊడితే బద్ద మార్చి మరల అల్లించవచ్చును. ఆ చిన్న మరమ్మతు ఇంటికి పొదుపు, అల్లేవానికి బ్రతుకు.