నాడీ కణం తన మాట తానే వింటుంది: మీకు తెలుసా?

మేడ మీది నీళ్ల ట్యాంకులో ఒక బంతి తేలుతుంటుంది. నీరు నిండేకొద్దీ అది పైకి లేచి కొళాయిని మూసేస్తుంది. మన మెదడులోనూ అలాంటి బంతులున్నాయి. వాటి పేరు ఆటోరిసెప్టర్లు.

• నాడీ కణం పక్క కణానికి కబురు పంపాలంటే మధ్య సందులోకి ఒక రసాయనాన్ని వదులుతుంది. ఆ సందు వెడల్పు మిల్లీమీటరులో సుమారు 50,000వ వంతు. వదిలిన దాంట్లో కొంత వెనక్కి వచ్చి, వదిలిన కణం మీదున్న ఆటోరిసెప్టర్లకే తగులుతుంది. కణానికి అది 'ఇక చాలు' అన్న సైగ. విడుదల తగ్గిపోతుంది.

• 1960ల తొలినాళ్లలో జర్మనీలో ముక్కుదిబ్బడకని క్లోనిడిన్ తయారుచేశారు. జలుబు చేసిన ఒక సెక్రటరీ ముక్కులో చుక్కలు వేస్తే, ఆమె దాదాపు రోజంతా నిద్రపోయింది. బీపీ పడిపోయింది, నాడి నెమ్మదించింది. మందు మెదడుకు చేరి, మెలకువగా ఉంచే నార్‌అడ్రినలిన్ కణాల మీది బంతిని ఎత్తేసిందన్నమాట! ముక్కు మందు కాస్తా బీపీ మందైంది.

• డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని పెంచే పని మొదటి రోజే మొదలుపెడతాయి. మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. పెరిగిన సెరటోనిన్ తన బంతినే ఎత్తి కొళాయిని బిగించడం ఇందుకు ఒక ముఖ్య కారణమంటారు. కొన్ని వారాలకు ఆ బంతి మొద్దుబారుతుంది, ధార పెరుగుతుంది. 'పది రోజులైనా గుణం లేదు' అని మాత్ర మానేసేవారు తెలుసుకోవలసిన సంగతి ఇది.

• అపోమార్ఫిన్ అనే మందు కొద్ది మోతాదులో ఇస్తే ఎలుక మందకొడిగా మారుతుంది, ఎక్కువిస్తే గంతులేస్తుంది. కొద్ది మందు ముందుగా డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాల ఆటోరిసెప్టర్లను తాకి దాని విడుదలను తగ్గిస్తుంది. మోతాదు పెరిగితే అవతలి కణాన్నే నేరుగా రెచ్చగొడుతుంది.

• పాతకాలం అలర్జీ మాత్రలకు నిద్ర ముంచుకొస్తుంది కదా? మెదడులో మనల్ని మేల్కొలిపి ఉంచే హిస్టమిన్‌ను అవి అడ్డుకోవడమే కారణం. పిటోలిసాంట్ అనే మందు దీనికి తలకిందులుగా పనిచేస్తుంది. హిస్టమిన్ బంతిని పైకి లేవనివ్వదు, కొళాయి తెరిచే ఉంటుంది. పట్టపగలే నిద్ర ముంచేసే నార్కొలెప్సీ రోగులకు దాన్ని ఇస్తారు.

• చాలాకాలం క్లోనిడిన్ వాడి, ఒక్కసారిగా ఆపేస్తే బీపీ ప్రమాదకరంగా ఎగబాకవచ్చు. ఎత్తి పట్టుకున్న బంతిని చటుక్కున వదిలేస్తే నీళ్లు ఎలా దూకుతాయో ట్యాంకు కడిగినవారికి తెలుసు. డాక్టర్లు మోతాదును మెల్లమెల్లగా తగ్గించేది అందుకే.