పాత బరువుల సైకిలును బాగుచేసికొనుట



పాలు పిదుకుట యొక పని. వానిని వేళకు కేంద్రమునకు చేర్చుట మఱియొక పని. మా పశువుల కొట్టమునుండి సంఘమువారి పాలకేంద్రము మూడు మైళ్ల దూరము. అందు రెండు మైళ్లు కాలువగట్టు. వేసవిలో గంట యాలస్యమైనచో పాలు విఱుగును. విఱిగిన పాలను కేంద్రమువారు పుచ్చుకొనరు. మా గేదెల పాలును పొరుగింటివారి పాలును కలిపి పూటకు 30 లీటర్లుండును. ఈ మాత్రపు పాడికి మోటారుబండి కొని పెట్రోలు పోయుట లెక్కకు సరిపడలేదు. అందువలన మా తాతగారి కాలపు డబులు బారు సైకిలు చావిడి మూలను గడ్డిక్రింద పడియుండుట గుర్తునకు వచ్చినది.

అది ఇంగ్లీషువారి చేతను తయారైన బండి. 1949లో మద్రాసు దగ్గఱ అంబత్తూరులో ట్యూబు ఇన్వెస్టుమెంట్సువారి సైకిళ్ల సంస్థ యేర్పడకముందు మన గ్రామములకు వచ్చిన మంచి సైకిళ్లలో పెక్కు బర్మింగుహాము, నాటింగుహాము పట్టణములనుండి యోడలమీద వచ్చినవే. ఆ దేశమున రొట్టెలవారును, మాంసము నమ్మువారును ఇంటింటికి సరుకు చేర్చుటకు ప్రత్యేకమైన సైకిళ్లను వాడెడివారు. ముందుచక్రము చిన్నది, దానిపైన పెద్దబుట్ట. ఆ బుట్ట హ్యాండిలునకు గాక ఫ్రేమునకే బిగింపబడియుండుట అందలి కిటుకు. హ్యాండిలు త్రిప్పినను బుట్ట తిరుగదు. కావున బరువు చేతిని లాగదు. 1926లో బర్మింగుహామున స్థాపింపబడిన పాష్లీ సంస్థ యట్టి బండ్లకు పేరుపొందినది. సహకారోద్యమమునకు పుట్టినిండ్లలో నొకటియని మనము చెప్పుకొను డెన్మార్కు దేశమున ముందుచక్రమునకును హ్యాండిలునకును నడుమ పొడవైన పల్లకివంటి చట్రముగల సైకిలు కలదు. దానిని లాంగుజాన్ అందురు. చదునైన పట్టణవీథులకు దివ్యముగా నుండును గాని, అడుగున్నర బాటగల మా కాలువగట్టుపై మలుపు తిరుగుట కష్టము. దానినుండి నేను గ్రహించిన దొక్కటే: బరువు ఎంత క్రిందుగా నుండిన నంత మేలు.

బండిని విప్పునప్పుడు మొదటి చిక్కు కాటరు చీలలవద్ద వచ్చును. ముప్పది యేండ్ల తుప్పు పట్టిన చీలను సుత్తితో నెడాపెడా కొట్టినచో చీల వంగిపోవును, లోపలి గుండ్ల దారులు దెబ్బతినును. రెండు దినములు కిరసనాయిలు పోయుచు నాననిచ్చి, పెడలు కాడక్రింద నినుపగొట్టము నేలకానునట్లు నిలిపి, ఒక్క గట్టిదెబ్బ వేయవలెను. మరల బిగించునప్పుడు రెండు చీలలును ఎదురెదురు దిక్కులుగా దిగవలెను. లేనిచో పెడళ్లు ఒకే సూటిలో నుండవు. ఇంకొక సంగతి. కుడివైపు గిన్నె మరయు, ఎడమ పెడలు మరయు ఎడమచుట్టువి. ఈ సంగతి తెలియక పానాతో బలముగా త్రిప్పి మరను పాడుచేసినవారిని నేనెఱుగుదును. అందు మా అన్నగారొకరు.

గిన్నెలలో ప్రక్కకు పదునొకండు చొప్పున పావు అంగుళపు ఉక్కుగుండ్లుండును. గుండ్ల వెల స్వల్పము. పాతవానిని ఏరి కడిగి వాడుకొనవలెనను పీనాసితనము వలదు. అరిగిన గుండు నొకదానిని క్రొత్తవానితో కలిపినచో బరువంతయు క్రొత్తవానిమీదనే పడును.

చైనును కొలుచుట సులభము. కొలబద్ద పెట్టి 24 లంకెలను చూడుడు. సరిగా 12 అంగుళములుండవలెను. దానికి మించి అంగుళములో ఎనిమిదవవంతు సాగియున్నచో తీసివేయుడు. తుప్పునకు నేను చింతపండు గుజ్జు పట్టించి రాత్రి యుంచి, ఉదయము ఇటుకపొడితో తోమి కడిగితిని. ఆ వెంటనే ఎండబెట్టి రెడాక్సైడు పూయనిచో సాయంత్రమునకు తుప్పు మరల లేచును.

ఇక నా తప్పును చెప్పవలసియున్నది. ఫ్రేములో, హ్యాండిలు మెడక్రింద, వెండ్రుకవంటి పగులొకటి కనబడినది. మా యూరి సైకిలు మేస్త్రీ దానిని చూచి, “బాబుగారూ, దీనికి ఇత్తడి అతుకే పెట్టించండి, కరెంటు వెల్డింగు వద్దు,” అని చెప్పెను. అతనిమాట వినక, త్వరగా నగునని పట్టణములో నొక దుకాణమున కరెంటు వెల్డింగు చేయించితిని. పాత సైకిలు గొట్టములు పలుచనివి. అవి కొలిమిలో ఇత్తడి కరగించి అతికినట్టివి. కరెంటువేడికి అతుకు చుట్టునున్న లోహము పెళుసైనది. నాలుగవ దినమున కాలువగట్టు దిగుచుండగా ఫ్రేము విఱిగి, పాలన్నియు మట్టిపాలైనవి. నా మోచేయి చిట్లినది. అది పది దినములలో మానినది. పొరుగింటివారి పాలసొమ్ము మాత్రము నా చేతినుండి ఇచ్చుకొంటిని. మరల ఆ మేస్త్రీయొద్దకే పోగా అతడు నన్నొక్కమాట యనలేదు. విఱిగినచోట లోపలినుండి నాలుగంగుళముల గొట్టపు ముక్కను దూర్చి, వెలిగారము చల్లి, ఇత్తడితో నతికెను. అది నేటికిని చెక్కుచెదరలేదు.

బరువునకు తగినట్లు మార్చుకొన్నవి మూడు. వెనుక ఫ్రీవీలునకు 18 పండ్లుండెడివి. దానిని తీసి 22 పండ్లది వేసితిమి. ముందు చక్రము 44 పండ్లది గాన, పెడలొక చుట్టు తిరిగినచో మునుపు బండి సుమారు 18 అడుగులు పోయెడిది, ఇప్పుడు పదునాలుగున్నర అడుగులు పోవును. వేగము తగ్గినది గాని, గట్టు ఎక్కునప్పుడు దిగి త్రోయు పని తప్పినది. చైనునకు రెండు లంకెలు చేర్పవలసివచ్చినది. ముందు ఫోర్కునకు ఇరుసునుండి హ్యాండిలు మెడవఱకు రెండు ఇనుప ఊతకడ్డీలు బిగించితిమి. వెనుకచక్రమునకు 40 లావు పుల్లలు క్రొత్తవి అల్లించితిమి.

క్యాను చట్రమును మొదట కోణపు ఇనుముతో చేయించితిని. ఆ చట్రమే యొక క్యానంత బరువైనది. దానిని పాఱవైచి సన్నగొట్టముతో మరల చేయించితిమి. క్యానుల యడుగు ఇరుసు మట్టమున నుండునట్లు ఇరుప్రక్కల వ్రేలాడవలెను. త్రొక్కునప్పుడు మడమ క్యానునకు తగులకుండ నాలుగువ్రేళ్లు వెనుకకు జరుపవలెను. ఇనుము, క్యాను ఒరయుచోట పాతట్యూబు ముక్కలు చుట్టినచో మ్రోతయు నుండదు, క్యానును అరుగదు.

అన్నిటికంటె ముందు బ్రేకు. ఇది చివరకు చెప్పుచున్నాను గాని, మీరు మొదటనే చేయుడు. ఈ పాతబండ్లకు తీగలు గాక కడ్డీల బ్రేకులుండును. రబ్బరు ముక్కలు రిమ్ము లోపలివైపునకు పైకి లాగబడును. ఎక్కడ నొక నట్టు వదులైనను పిడి నొక్కిన బలము దారిలోనే పోవును. ఇనుప రిమ్ము తడిసినచో బ్రేకు సగము కూడ పట్టదు. గ్రీజు పూయు మనిషి చేతిని రిమ్మునకు తుడువనీయకుడు. వానదినములలో నేను గట్టు దిగునప్పుడు బండి దిగియే నడచుచున్నాను.

స్టాండు రెండు కాళ్లది, వెడల్పుగలది యుండవలెను. అయినను ఒక క్యాను దించునప్పుడు రెండవదాని బరువునకు బండి ఒరుగును. అవతలివైపు ఒకరు పట్టుకొనవలెను. మా చిన్నవాడు ఆ పనికని పాలకేంద్రము వఱకు నావెంట పరుగెత్తి వచ్చుచున్నాడు. తిరుగుప్రయాణములో ఖాళీ క్యానుల నడుమ కూర్చుండి వచ్చుటయే వాని కూలి.