తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మా వదిన హెడ్‌మిస్ట్రెస్ అయిన ఏడాదికి మళ్ళీ చదువు మొదలుపెట్టింది. చదువుకున్నాక ఉద్యోగం, ఆ తర్వాత ప్రమోషన్ రావడం లోకంలో ఉన్నదే. ప్రమోషన్ వచ్చాక చదువేమిటని ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం.

"రావలసింది వచ్చేసిందిగా, ఇంకా చదువెందుకు? ఇంక్రిమెంటేమైనా పెరుగుతుందా?" అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడు పుస్తకాలేమిటమ్మా, అవతల పిల్ల టెన్త్‌లోకొచ్చింది" అంది మా అమ్మ, కోడలితో.

ఇంక్రిమెంటు పెరగదు. పిల్ల టెన్త్‌లోకొచ్చిన మాటా నిజమే. అయినా 2018 జూలైలో వదిన ఇగ్నోలో చేరింది. విద్యాసంస్థల నిర్వహణలో పీజీ డిప్లొమా. ఎందుకని నేనూ అడిగాను.

"ఇరవై రెండేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పానమ్మాయ్. ఆ పని నాకొచ్చు. పద్ధెనిమిదిమంది టీచర్లతో కలిసి బడి నడపడం ఎలాగో నాకెవరూ చెప్పలేదు. కుర్చీ ఇచ్చారు, తాళాలిచ్చారు, అంతే" అంది.

ఆలోచిస్తే ఇది వదిన ఒక్కతి కథ కాదు. చక్కగా సేవ చేసే నర్సు ఒకరోజు హెడ్ నర్సవుతుంది. లెక్కలు తప్పు పోకుండా రాసే గుమాస్తా ఆఫీసరవుతుంది. డ్వాక్రా గ్రూపులో నలుగురిలో ఒకరుగా కూర్చున్నామె గ్రూపు లీడరవుతుంది. తన పని తను చేసుకోవడం ఒక విద్య, నలుగురినీ కలుపుకుని పని నడపడం ఇంకో విద్య. మొదటిది వచ్చినవాళ్ళకి రెండోది దానంతటదే వచ్చేస్తుందని అందరూ అనుకుంటారు. రాకపోతే "ఆడవాళ్ళకి పెత్తనమిస్తే ఇంతే" అనడానికి పదిమంది సిద్ధంగా ఉంటారు.

ఆదివారం రైలు

శని, ఆదివారాల్లో క్లాసులు. తెనాలి నుంచి విజయవాడకి పొద్దున్నే ప్యాసింజరు. వెళ్ళేటప్పుడు సీటు దొరికితే పాఠం చదువుకోవడం, వచ్చేటప్పుడు కిటికీకి తలానించి కునుకు తియ్యడం. ఇంటికొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు, బకెట్లో నానిన బట్టలు, ముడుచుకున్న ముఖాలు.

ఇవన్నీ మనకి తెలిసినవే. ఉద్యోగం చేస్తూ చదివే ప్రతి ఆడపిల్లకీ ఇవి తప్పవు. అసలు కథ నాలుగో నెలలో జరిగింది.

ఆ శనివారం వదిన సీఎల్ పెట్టి క్లాసుకి వెళ్ళింది. సోమవారం బడికి వెళ్ళేసరికి ఇద్దరు తల్లులు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. శనివారం మధ్యాహ్న భోజనంలో పిల్లలకి గుడ్డు పెట్టలేదట. గుడ్లు స్టోరు గదిలో ఉన్నాయి. గది తాళం వదిన హ్యాండ్‌బ్యాగులో, హ్యాండ్‌బ్యాగు విజయవాడలో!

వదినకి మండిపోయింది. స్టాఫ్ రూములోకి వెళ్ళి "ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ ఫోన్ చెయ్యాలని తోచలేదా?" అని కేకలేసింది. అందరూ తలలు వంచుకున్నారు. లెక్కల మాస్టారు మాత్రం, ఏనాడూ మీటింగులో నోరు విప్పని మనిషి, మెల్లగా అన్నారట: "మీరు లేనప్పుడు ఏదీ ముట్టుకోవద్దన్నారు కదండీ మేడమ్."

ఆ రాత్రి వదిన చదవాల్సిన పాఠం నాయకత్వం గురించి.

పదేళ్ళ పిల్లలు చెప్పిన నిజం

హిట్లర్ అధికారంలోకి రావడంతో జర్మనీ వదిలి అమెరికా చేరిన యూదు శాస్త్రవేత్త కర్ట్ లెవిన్. 1930ల చివర్లో ఆయన, రొనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ కలిసి అయోవా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. పదేళ్ళ మగపిల్లల్ని చిన్న చిన్న క్లబ్బులుగా చేసి, మాస్కులు చెయ్యడంలాంటి చేతిపనులు అప్పగించారు. ఒక్కో క్లబ్బుకీ ఒక పెద్దాయన. కొందరు పెద్దవాళ్ళు ప్రతిదీ తామే చెప్పి చేయించారు. కొందరు పిల్లలతో మాట్లాడి, ఏం చెయ్యాలో, ఎవరేం చెయ్యాలో వాళ్ళనే తేల్చుకోనిచ్చారు. ఇంకొందరు మీ ఇష్టం మీదని ఊరుకున్నారు.

పెత్తనం చేసేవాళ్ళ దగ్గర పని బాగానే సాగింది. కాకపోతే పెద్దాయన గదిలో ఉన్నంతసేపే! ఆయన బయటికి వెళ్ళగానే పని పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న క్లబ్బుల్లో పెద్దాయన ఉన్నా లేకపోయినా పని ఇంచుమించు ఒకేలా నడిచింది. గాలికి వదిలేసిన క్లబ్బుల్లో సరైన పనే జరగలేదు.

"ఆ పేజీ దగ్గరే ఆగిపోయానమ్మాయ్. నేను గదిలోంచి బయటికెళ్తే బడి ఆగిపోయింది. అది టీచర్ల తప్పనుకుని కేకలేసొచ్చాను" అంది వదిన.

రెండిళ్ళ అవతల ఒకామె

అదే కోర్సు పుణ్యమా అని వదిన మేరీ పార్కర్ ఫోలెట్ గురించి వెతుక్కుని చదివింది. 1868లో పుట్టి 1933లో పోయిన అమెరికన్ మహిళ. బోస్టన్‌లో సాయంత్రాలు ఖాళీగా ఉండే బడి భవనాలను చుట్టుపక్కల జనం కలుసుకునే చోట్లుగా తెరిపించడానికి పాటుపడింది. ఆ అనుభవంతోనే సంస్థలెలా నడవాలో రాసింది. ఒకరి మీద చూపే అధికారం వేరు, ఒకరితో కలిసి పెంచుకునే అధికారం వేరు అన్నది ఆమె చెప్పిన ముఖ్యమైన మాట.

మేనేజిమెంటు పుస్తకాల్లో ఎప్పుడో వందేళ్ళ కిందటి ఆడమనిషి పేరు కనపడితే, రెండిళ్ళ అవతల ఉన్నామె కనపడ్డంత సంతోషం వేసిందిట వదినకి. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడా గుర్తొచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చాక ఆవిడ ఆగిపోయిన చదువు మళ్ళీ అందుకున్నారు. 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. లా పట్టా పుచ్చుకున్నది ఆ తర్వాత, 1942లో. చదువయ్యాక పని, పని అయ్యాక చదువు అని ఆవిడ గీత గీసుకోలేదు.

తాళాలు పంచితే సరిపోతుందా?

పాఠం చదివిన ఉత్సాహంలో వదిన మర్నాడే స్టోరు తాళానికి ఇంకో చెవి చేయించి లెక్కల మాస్టారికిచ్చింది. టైంటేబుల్ పని ఒక టీచరమ్మకి అప్పగించి "మీ ఇష్టం, మీరే చూసుకోండి" అంది. ఆవిడ నిజంగానే తన ఇష్టం చూసుకుంది! చివరి పీరియడ్లన్నీ వేరేవాళ్ళకి, పొద్దుటివన్నీ తనకి. రెండు రోజుల్లో స్టాఫ్ రూము యుద్ధరంగమైంది.

మళ్ళీ పుస్తకం తీస్తే జవాబు అందులోనే ఉంది. అప్పగించడం వేరు, వదిలేయడం వేరు. పెత్తనం మానేస్తున్నాననుకుంటూ వదిన మూడో రకం క్లబ్బులోకి జారిపోయింది. కొత్తగా పని చేసేవాళ్ళకి విడమరిచి చెప్పాలి, పక్కన ఉండాలి. చేయితిరిగిన వాళ్ళకి వదిలి దూరంగా ఉండాలి. మనిషిని బట్టీ, పనిని బట్టీ పద్ధతి మార్చుకోవాలన్న ఈ సంగతిని పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ అనే ఇద్దరు 1969లో సిద్ధాంతంగా చెప్పారు. కోడలికి వంటిల్లు అప్పగించే అత్తగార్లకి ఇది ఎప్పటినుంచో తెలుసు. కొందరికి తెలిసినా చెయ్యరు, అది వేరే సంగతి.

ఈసారి వదిన అందరినీ కూర్చోబెట్టింది. టైంటేబుల్‌కి కావలసిన నియమాలు వాళ్ళే చెప్పారు, ఆ టీచరమ్మే మళ్ళీ వేసింది. అప్పటినుంచీ మీటింగుల్లో వదిన ఒక అలవాటు పెట్టుకుంది. తన మాట అందరికంటే చివర చెప్పడం. మొదట చెబితే ఇంకెవరూ చెప్పరని గ్రహించింది.

పుట్టింటికి రావద్దంది!

పరీక్షలు జూన్‌లో. మన బళ్ళు తెరిచేదీ జూన్‌లోనే. అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, టీసీలు... హెడ్‌మిస్ట్రెస్ ఊళ్ళో లేకపోతే ఎలా? పరీక్షలు డిసెంబరుకి వాయిదా వేద్దామా అని వదిన వారం రోజులు ఊగిసలాడింది.

నేను ఫోన్ చేసి "నేనొచ్చి ఇల్లు చూసుకుంటాను. అమ్మకి, పిల్లకి, అన్నయ్యకి నేను వండి పెడతాను. నువ్వు నిశ్చింతగా రాసుకో వదినా" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వద్దమ్మాయ్, ఈసారికి రావద్దు" అంది.

మీరే చెప్పండి, ఆడపడుచుని పుట్టింటికి రావద్దంటే ఎలా ఉంటుంది? ఫోన్ పెట్టేసి మా వారి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పది రోజులు నేను ఫోన్ చెయ్యలేదు.

పరీక్షలయ్యాక వదినే వచ్చింది, మామిడిపళ్ళ బుట్టతో. "నువ్వొస్తే నా జాగాలో నువ్వుంటావు. ఇల్లు మాత్రం అలాగే ఉంటుంది. బళ్ళో నేను తెలుసుకున్నది ఇంట్లో చెయ్యకపోతే ఆ చదువెందుకు? పద్ధెనిమిదేళ్ళుగా గ్యాసు పుస్తకం ఎక్కడుందో మీ అన్నయ్యకి తెలీదు. తప్పు ఆయనదొక్కరిదే కాదు. ఆ తాళమూ నా బ్యాగులోనే ఉంది" అంది.

ఆ జూన్‌లో అన్నయ్య అన్నం రెండు రోజులు సంకటి చేశాడు, మూడోరోజు కుదిరింది. టెన్త్ పాసైన పిల్ల కూర, పచ్చడి నేర్చుకుంది. పాలవాడి లెక్క, ఇస్త్రీ లెక్క అమ్మ రాయడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆవిడే రాస్తోంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు!

బళ్ళో లెక్కల మాస్టారు ఇన్‌ఛార్జి. వదిన రోజూ పదిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని కింద పెట్టేదట. ఆయన పాత విద్యార్థులని పిలిపించి పుస్తకాల పంపిణీ ఒక్కరోజులో ముగించారు. ఆరో తరగతి జాబితాలో మాత్రం కొన్ని పేర్లు తప్పు పడ్డాయి. వదిన వచ్చాక ఇద్దరూ కూర్చుని సరిదిద్దారు.

అన్నీ సుఖాంతమేనని చెబితే అబద్ధమవుతుంది. ఒక పేపరు పోయింది, డిసెంబర్లో మళ్ళీ రాసింది. పిల్ల టెన్త్ చదివిన ఏడాది పక్కన కూర్చోలేకపోయానన్న బాధ వదినకి ఇంకా ఉంది. దాన్ని ఏ సిద్ధాంతమూ తీర్చదు.

మీరూ చేరాలనుకుంటే...

* ముందు కోర్సుకి యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ప్రకటనలు చూసి డబ్బు కట్టెయ్యకండి. హైదరాబాదులో 1982లో మొదలైన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ, దేశంలోనే మొదటిది. ఇగ్నో 1985లో వచ్చింది.

* ప్రభుత్వోద్యోగులైతే శాఖ అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

* గంటలు లెక్క వేసుకోండి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఆరు క్రెడిట్ల పేపరంటే 180 గంటలు. రోజూ గంటన్నర చదివితే నాలుగు నెలలు. "ఎలాగోలా చదివేస్తాలే" అనుకుంటే కుదరదు.

* అసైన్‌మెంట్లు చివరి వారానికి పెట్టుకోవద్దు. ఆ వారమే చుట్టాలొస్తారు, ఆ వారమే ఇంట్లో ఎవరికో జ్వరమొస్తుంది.

* పాఠం చదివిన వారంలోనే మీ ఆఫీసులో ఒక్క చిన్న పనిలో దాన్ని చేసి చూడండి. ఉద్యోగం చేస్తూ చదవడంలో ఉన్న అదృష్టం అదే. కాలేజీలో కూర్చుని చదివేవాళ్ళకి సోమవారం పొద్దున్నే పరీక్ష పెట్టే పద్ధెనిమిదిమంది ఉండరు.

* ఇంట్లో మీ పని ఇంకొకరు వచ్చి చేసేలా కాదు, ఇంట్లోవాళ్ళే పంచుకునేలా చూడండి. చేరే రోజే మాట్లాడుకోండి, పరీక్ష ముందురోజు కాదు.

నా సంగతి

నాకు ఉద్యోగం లేదు, బీఏ తర్వాత పట్టాలూ లేవు. కథలు రాసుకుంటాను. అయినా వదిన మాట నన్ను వదల్లేదు. ఆ మధ్య కథకుల సభకి రెండు రోజులు వెళ్ళవలసి వచ్చింది. అలవాటు ప్రకారం ముందురోజు రాత్రి పులిహోర కలిపి, కూరలు తరిగి డబ్బాల్లో పెట్టి, ఏ డబ్బాలో ఏముందో కాగితాల మీద రాయడం మొదలుపెట్టాను. నాలుగో కాగితం రాస్తుండగా గుర్తొచ్చింది, స్టోరు గదిలో ఉండిపోయిన గుడ్ల సంగతి.

కాగితాలు చింపేశాను. మా వారిని, అబ్బాయిని పిలిచి వంటింటి అలమర తలుపు తెరిచి "రండి, ఇందులో ఏవి ఎక్కడున్నాయో చూద్దాం" అన్నాను.

వదిన సర్టిఫికెట్ బీరువాలో ఎక్కడో ఉంది. స్టోరు గది రెండో తాళంచెవి మాత్రం ఈనాటికీ స్టాఫ్ రూములో, అందరికీ కనపడే మేకుకి వేలాడుతోందిట.