ఫైలు తేదీ తప్పిందా? ఎంత తప్పిందో ముందు చూడండి

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు చేసేవాళ్లకు తెల్లవారుజాము నాలుగున్నర అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రాత్రంతా రొయ్యలు, నాచు, అడుగున బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి ఆక్సిజన్ పీల్చేసి, ఎండ ఇంకా తగలక, నీళ్లలో ఆక్సిజన్ కనిష్ఠానికి పడిపోయే వేళ అది. ఆ రీడింగును యంత్రమే తీసి మెమరీ కార్డులో ఫైలుగా రాసుకుందనుకుందాం. దాన్ని గట్టు మీది షెడ్డు నుంచి ఊళ్లో ఆఫీసుకు నెట్‌వర్క్ మీద కాపీ చేస్తే, ఫైలు పక్కన ఉదయం 10:00 అని కనిపించింది. ఎండెక్కాక కూడా ఆక్సిజన్ ఇంత తక్కువంటే నాచు చచ్చిందా, ఏరేటర్లు ఆగాయా అని కంగారు మొదలవుతుంది. చెరువుకు ఏమీ కాలేదు. 4:30కి ఐదున్నర కలిపితే 10:00 అయింది, అంతే.

ఫైలు తేదీ తేడాగా ఉంటే ముందు అడగాల్సిన ప్రశ్న ‘ఎంత తేడా?’ అని. మనవాళ్లు అడిగేది మాత్రం ‘వైరస్సా?’ అని.

అపోహ: కాపీ చేశాక ఈరోజు తేదీ పడిందంటే ఫైలు పాడైనట్టే.

విండోస్‌లో ఫైలుకు మూడు తేదీలుంటాయి: తయారైంది, మార్చింది, చివరిసారి తెరిచింది. కాపీ అంటే కొత్త చోట కొత్త ఫైలు తయారవడమే కాబట్టి ‘డేట్ క్రియేటెడ్’ ఈరోజుదే ఉంటుంది. ‘డేట్ మోడిఫైడ్’ మాత్రం పాతదే వస్తుంది. దాంతో తయారు కాకముందే మార్చిన ఫైలొకటి కళ్లెదుట కనిపిస్తుంది. చూడ్డానికి విడ్డూరమే గానీ అందులో తప్పేమీ లేదు.

మోడిఫైడ్ కూడా ఈరోజుకు మారిపోతే, కాపీ చేసిన పద్ధతిని అనుమానించాలి. లినక్స్‌లో ఉత్త సీపీ, ఎస్‌సీపీ కమాండ్లు పాత తేదీని వెంట తేవు. హైఫన్ పీ జోడించాలి. ఆర్‌సింక్‌కైతే హైఫన్ ఏ. విండోస్ రోబోకాపీ ఫైళ్ల తేదీలను నిలబెడుతుంది గానీ ఫోల్డర్ల తేదీలను వదిలేస్తుంది. వాటి కోసం డీకాపీ ఆప్షన్‌లో టీ అక్షరం కూడా ఇవ్వాలి.

అపోహ: గంటల్లో తేడా ఉందంటే కంప్యూటర్ గడియారం తప్పు.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే గడియారం జోలికి పోకండి. అది టైమ్ జోన్ గొడవ. కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమే భారత ప్రామాణిక సమయానికి ఆధారం. ప్రపంచ సమయం యూటీసీ కంటే మనం ఐదున్నర గంటలు ముందుండేది ఆ లెక్కనే.

ఉదాహరణకు, 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కి శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. పులికాట్ ఒడ్డున ఒకరు దాన్ని కెమెరాలో పట్టారనుకోండి. కెమెరా కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఫైలు పక్కన 14:35 అని రాసుకుంటుంది. అది ఏ దేశపు 14:35 అన్నది ఎక్కడా రాయదు. అదే కార్డును స్టూడియోలోని నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెకు గుచ్చారు. కొన్నాక దాని టైమ్ జోన్ ఎవరూ మార్చలేదు, యూటీసీలోనే ఉంది. అది 14:35ని యూటీసీ అనుకుంది. పక్క గదిలోని విండోస్ కంప్యూటర్ ఐదున్నర కలిపి రాత్రి 8:05 అని చూపించింది. చీకటి పడ్డాక పట్టపగలు వెలుతురులో రాకెట్!

దారి తిరగబడితే తప్పు కూడా తిరగబడుతుంది. సరైన సమయమున్న ఫైలును అదే పెట్టె ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లోకి రాస్తే ఉదయం 9:05 అవుతుంది. అర్ధరాత్రి దాటాక తీసిన ఫొటోలైతే తేదీ కూడా ముందు రోజుకు జారుతుంది. రెండింటికీ మందు ఒకటే: పెట్టె సెట్టింగుల్లో జోన్‌ను ఆసియా/కోల్‌కతాగా మార్చి, ఫైళ్లను మళ్లీ కాపీ చేయడం. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కుల్లో సమయం యూటీసీలోనే దాచి ఉంటుంది కాబట్టి వాటి మధ్య కాపీల్లో ఈ గొడవ రాదు.

అపోహ: రెండు సెకన్లు తేడా వచ్చిందంటే ఎవరో ఫైలును కెలికారు.

ఎవరూ కెలకలేదు. ఫ్యాట్ పద్ధతిలో మార్చిన సమయానికి బేసి సెకన్లు లేవు. రెండేసి సెకన్ల చొప్పునే రాస్తుంది. కానీ బ్యాకప్ ప్రోగ్రామ్‌కు ఆ తేడా చాలు, ‘ఫైలు మారింది’ అని ప్రతి రాత్రీ ఫోల్డరంతా మళ్లీ ఎక్కిస్తుంది. రోబోకాపీలో ఎఫ్ఎఫ్‌టీ ఆప్షన్, ఆర్‌సింక్‌లో మోడిఫై విండో ఒకటి పెడితే ఆగుతుంది.

అపోహ: 1970, 1980 అని చూపిస్తే అది పాత ఫైలు.

తేదీ అసలు లేనప్పుడు కనిపించే సున్నా అది. యూనిక్స్ లెక్క 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రితో మొదలవుతుంది. మన దగ్గర అదే ఉదయం 5:30గా కనిపిస్తుంది. ఆ ఐదున్నరను చూడగానే గుర్తుపట్టొచ్చు. ఫ్యాట్ లెక్క 1980 జనవరి 1తో మొదలు. ఇలా కాకుండా కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ ఏదో పాత సంవత్సరంలోకి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి. మార్చాక గడియారం ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకునేలా పెట్టండి. అయితే గడియారం బాగుపడినంత మాత్రాన పాత ఫైళ్ల తేదీలు వాటంతట అవి బాగుపడవు.

అపోహ: ఫైలు తేదీ చూపిస్తే సాక్ష్యంగా చాలు.

బీమా క్లెయిమో, కోర్టు కేసో వచ్చినప్పుడు ఈ ధీమా ముంచుతుంది. ఆ తేదీ ఫైలు లోపల ఉండదు, డిస్కు పట్టికలో ఉంటుంది, ఎవరైనా మార్చగలరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్‌ను ఫైలు లోపలి సమాచారం నుంచే లెక్కిస్తారు. మన చెరువు రీడింగు పక్కన 4:30 ఉన్నా 10:00 ఉన్నా హాష్ ఒకటే వస్తుంది.

ఫొటోలకు ఇంకో ఆధారం ఉంది. తీసిన సమయాన్ని కెమెరా ఫొటో లోపలే ఎగ్జిఫ్‌గా రాస్తుంది, కాపీ చేసినా అది చెదరదు. కాకపోతే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఎగ్జిఫ్ పోతుంది. డాక్యుమెంట్‌గా జోడించి పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.