రేడియేషన్‌కు తోడు మందులెందుకు?

రేడియేషన్ కిరణాలు క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏను తెంపుతాయి. కానీ ఆ కణం మహా మొండిది. తెగిన చోట అతుకు వేసుకుని మళ్లీ పెరగాలని చూస్తుంది. గురిచూసి పనిచేసే మందులు ఇక్కడే అక్కరకొస్తాయి. ‘పెరుగు, పెరుగు’ అని కణానికి అందే సంకేతాన్ని సెటుక్సిమాబ్ అనే మందు అడ్డుకుంటుంది. తల, మెడ క్యాన్సర్ రోగులపై 2006లో వెలువడిన పరిశోధన చూడండి. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 29 నెలలు దాటి బతికితే, ఈ మందు కూడా తీసుకున్నవారిలో సగం మంది 49 నెలలు దాటారు. ఇరవై నెలలంటే ఒక కుటుంబానికి చిన్న విషయం కాదు.

ఇమ్యునోథెరపీ నాకు ఇంకా అబ్బురంగా తోస్తుంది. కిరణాలకు చచ్చిన కణాల ముక్కలు బయటపడితే, మన ఒంటిని కాపాడే టి-కణాలు శత్రువు ఆనవాలు పట్టగలవు. క్యాన్సరేమో వాటికి బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకును ఇమ్యునోథెరపీ మందులు విప్పుతాయి. ఆ దారి చూపినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది.

మరి అన్నీ అందరికీ కలిపి ఇచ్చేయొచ్చుగా? కుదరదు. మేలుతో పాటు కీడూ కలుస్తుంది. రేడియేషన్, ఇమ్యునోథెరపీ రెండూ ఊపిరితిత్తుల్లో వాపు తేగలవు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత, ఎంత మోతాదు అన్నది కణితిని పరీక్షించాకే డాక్టర్లు తేలుస్తారు.