ఎసెన్షియల్, మాండేటరీ, కంపల్సరీ: అన్నీ ‘తప్పనిసరి’ కాదు!

మన హుజూరాబాద్ నుంచి ఇంకో ఎపిసోడ్. ఇవాళ నాలుగు మాటలు చూద్దాం: నెసెసరీ, ఎసెన్షియల్, మాండేటరీ, కంపల్సరీ. మనం అన్నింటికీ ‘తప్పనిసరి’ అనేస్తం. అక్కడే దెబ్బ తింటం. నేను తిన్నా.

డిగ్రీ అయినంక ఒక నోటిఫికేషన్ చూసిన. ‘ఎసెన్షియల్’ కింద డిగ్రీ, ‘డిజైరబుల్’ కింద కంప్యూటర్ సర్టిఫికెట్ అని ఉంది. నా దగ్గర సర్టిఫికెట్ లేదు. రెండూ ఉండాల్నేమో అనుకొని అప్లయ్ చేయలే. సర్టిఫికెట్ లేని మా దోస్తు మాత్రం చేసిండు, ఉద్యోగం కొట్టిండు!

ఎసెన్షియల్ అంటే అది లేకుంటే మీరు అర్హులే కాదు. డిజైరబుల్ అంటే ఉంటే మంచిది, లేకున్నా అప్లయ్ చేయొచ్చు. కాకపోతే అప్లికేషన్లు ఎక్కువ వస్తే, అది ఉన్నవాళ్లను ముందు పిలిచే అవకాశం ఉంటుంది. యూపీఎస్సీ నోటిఫికేషన్లలో కూడా ఈ రెండూ వేర్వేరుగా రాస్తారు. కాబట్టి హెడ్డింగ్ చూడకుండా ఫోన్ పక్కన పెట్టకండి.

నెసెసరీ అంటే అవసరం. వానపడితే గొడుగు నెసెసరీ, అంతే. ఎసెన్షియల్ దానికంటే గట్టిది. బియ్యం లేకుండ అన్నం కాదు కదా, అట్ల. నిత్యావసర సరుకుల చట్టం, 1955 ఇంగ్లిష్ పేరులో ఉన్నది ఈ మాటే.

మాండేటరీ అంటే రూల్. ఆన్‌లైన్ ఫామ్‌లో స్టార్ గుర్తున్న గడి నింపకుంటే సబ్మిట్ కాదు. హెల్మెట్ చూడండి: చట్టానికి మాండేటరీ, తలకాయకు నెసెసరీ. పోలీసులు లేని రోడ్డు మీద మొదటిది మర్చిపోతం, రెండోది మాత్రం అక్కడే ఉంటది!

కంపల్సరీ దాదాపు మాండేటరీ లాంటిదే. చదువుల విషయంలో ఎక్కువ వాడతారు. బడుల్లో తెలుగు కోసం 2018లో తెలంగాణ తెచ్చిన చట్టం పేరులోనే ఆ మాట ఉంది. 2009 విద్యాహక్కు చట్టంలో కూడా ఉంది. అయితే అక్కడ కంపల్సరీ ఎవరికో తెలుసా? ప్రభుత్వానికి! 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరినీ బడిలో చేర్పించి, చదువు పూర్తయ్యేలా చూసే బాధ్యత దానిదే.

చివరగా, ‘నాట్ మాండేటరీ’ అంటే ‘చేయకూడదు’ కాదు, ‘చేయకున్నా నడుస్తది’ అని. ఏ ఫామ్ చూసినా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది లేకుంటే ఏమైతది? నేనా రోజు అడగలే. మీరు అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!