పిల్లలమర్రి – విహారయాత్రికులు

సెలవులు దగ్గరపడినవంటే దక్షిణ తెలంగాణ పాఠశాలలలో విహారయాత్రల ఆలోచన మొదలవుతుంది. నల్లగొండ వైపు వారు నాగార్జునసాగరాన్ని, పానగల్లులోని ఛాయాసోమేశ్వరాలయాన్ని చూడబోతారు. మహబూబ్‌నగర్ వైపు వారు అలంపురం నవబ్రహ్మాలయాలకో, పిల్లలమర్రికో బయలుదేరుతారు. వీటిలో ఆనకట్ట, ఆలయాలు రాతికట్టడాలు. వేయిమంది వచ్చిపోయినా వాటికి కలిగే అరుగుదల కంటికి ఆనదు. పిల్లలమర్రి సంగతి వేరు. అది ప్రాణి. దాని కింద నడిచినవారి బరువు, దానిని పట్టుకొని లాగినవారి చేయి, రెండూ దానికి తెలుస్తవి. 2017 డిసెంబరులో కొమ్మలు విరిగిపడసాగినందున సందర్శకులను ఆ చెట్టు కిందికి రానీయకుండా ఆపివేయవలసి వచ్చింది. తరతరాలుగా వచ్చినవారికి నీడనిచ్చిన చెట్టును ఆ వచ్చేవారి నుండే దూరంగా ఉంచవలసి వచ్చిందన్నమాట. ఇట్లా ఎందుకు జరిగిందో తెలియవలెనంటే, అసలు మర్రి ఎట్లా నిలబడుతుందో ముందు తెలుసుకొనవలెను.

మహబూబ్‌నగర్ పట్టణానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఈ చెట్టు ఉన్నది. దూరం నుండి చూచినవారికి పచ్చని గుట్ట వలె కనిపిస్తుంది. దగ్గరకు పోతే గుట్ట కాదు, మండపం. సుమారు మూడెకరాల మేర కొమ్మలు చాచి, ఊడలనే స్తంభాలపై నిలిచిన మండపం. తల్లిచెట్టు చుట్టూ పిల్లచెట్లు చేరినట్లుండుట వలన పిల్లలమర్రి అన్న పేరు వచ్చింది. నల్లగొండ జిల్లా నుండి 2016లో విడివడిన సూర్యాపేట జిల్లాలో కూడా ఒక పిల్లలమర్రి ఉన్నది. అది కాకతీయుల కాలపు శివాలయాలకు పేరుపొందిన గ్రామం. యాత్రకు బండి మాట్లాడుకొనేటప్పుడు ఏ పిల్లలమర్రియో స్పష్టంగా చెప్పుట మంచిది!

ఈ చెట్టుకు ఏడు వందల ఏండ్లని స్థానికులు చెబుతారు. దీనిని నిర్ణయించుట సులభం కాదు. చలి దేశాలలోని చెట్లకు ఏడాదికొక వలయం చొప్పున కాండంలో ఏర్పడుతుంది. ఉష్ణమండలంలోని చెట్లు చాలావాటిలో ఆ వలయాలు అంత స్పష్టంగా ఉండవు. పైగా మర్రిలో మొదటి మాను ఏదో, ఊడ లావై మానుగా మారినదేదో గుర్తుపట్టుట కష్టం. మొదటి మాను చచ్చి మట్టిలో కలిసిపోయినా చెట్టు బ్రతికే ఉండవచ్చును. ఇది ఊహ కాదు. కలకత్తా నగరానికి ఎదురుగా హౌరాలో ఉన్న ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ వృక్షోద్యానంలోని మహావటవృక్షం 1864లోను, 1867లోను వచ్చిన తుపానులకు దెబ్బతిన్నది. ఆ గాయాల గుండా బూజు జాతి తెగులు లోపలికి పాకింది. 1925లో దాని మూలకాండాన్ని పూర్తిగా కోసివేశారు. ఆ వెనుక వందేండ్లు గడిచినవి. చెట్టు నేటికీ పచ్చగా ఉన్నది. ఊడల మీదనే నిలబడి ఇంకా విస్తరిస్తూనే ఉన్నది.

ఊడ అనగా కొమ్మ నుండి పుట్టిన వేరు. మొదట అది దారమంత సన్నంగా గాలిలో వ్రేలాడుతుంది. కొన మెత్తగా, లేతరంగులో ఉంటుంది. పెరుగుదల జరిగేది ఆ కొనలోనే. నేలను తాకేవరకు ఊడకు గాలిలోని తేమ, తల్లికొమ్మ ఇచ్చే ఆహారమే ఆధారం. నేలను తాకి మట్టిలోకి దిగినదంటే దాని బ్రతుకు మారిపోతుంది. అక్కడి నీటిని, లవణాలను పీల్చి పైకి పంపుతుంది, ఏడాదికేడాది లావెక్కుతుంది, కొంతకాలానికి కొమ్మకు స్తంభమవుతుంది. ఇట్లా మర్రి తన చుట్టూ కొత్త కాళ్లు దించుకొంటూ పక్కకు జరుగుతూ పోతుంది. మిగతా చెట్లు పుట్టినచోటనే ఉంటవి, మర్రి నడుస్తుంది.

ఈ స్తంభం ఎంత బరువు మోస్తుందో లెక్క వేయవచ్చును. ఒక కొమ్మ 10 మీటర్ల పొడవున్నదని, మీటరుకు 100 కిలోల చొప్పున అంతటా సమానమైన బరువున్నదని అనుకొందాం. నిజమైన కొమ్మ మొదట లావుగా, చివర సన్నంగా ఉంటుంది. అయినా లెక్క సులువు కావడానికి ఇట్లా అనుకొనవచ్చును. మొత్తం బరువు 1,000 కిలోలు. దాని గరిమనాభి మొదలు నుండి 5 మీటర్ల దూరాన ఉన్నది. కనుక కొమ్మ మొదటివద్ద దానిని వంచజూచే భ్రామకం 5,000 కిలోగ్రాము-మీటర్లు. ఇప్పుడు కొమ్మ చివర ఒక ఊడ నేలకు దిగి గట్టిపడినదనుకొందాం. అప్పుడు మొదటివద్ద భ్రామకం 1,250 మాత్రమే, అనగా నాలుగో వంతు. ఊడ మోసేది 375 కిలోలు. మొత్తం బరువులో సగం కూడా లేని ఈ భారాన్ని మోసి, మొదటివద్ద శ్రమను మూడు వంతులు తగ్గించింది! ఆ ఊడను నరికినా, చెదలు తిని బోలు చేసినా భ్రామకం మళ్లీ నాలుగు రెట్లవుతుంది. అన్నేండ్లుగా ఆసరాకు అలవాటుపడిన కొమ్మ ఒక్కసారిగా అంత శ్రమను ఓర్చుకొనలేదు. గాలివాన వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఏ గాలీ లేని మధ్యాహ్నం కూడా మర్రికొమ్మ విరిగిపడుతుంటే ఆశ్చర్యపడనవసరం లేదు.

మరి కొత్త ఊడలు దిగుతూనే ఉంటే పాతవి పోయినా నష్టం లేదు గదా అని అడుగవచ్చును. సరిగ్గా అక్కడనే విహారయాత్రికుడు అడ్డుపడుతున్నాడు. లేత ఊడ కనబడితే పిల్లలు పట్టుకొని ఊగుతారు. పెద్దలు పండ్లపుల్లకో, తలనూనెలో వేసి కాచుటకో కొన విరుచుకొనిపోతారు. కొన పోయిన ఊడ చీలి మళ్లీ పెరగవచ్చును గాని, పెరిగినదల్లా విరుగుతూ ఉంటే నేలను చేరేదెన్నడు? చేయి అందని ఎత్తు వరకు దట్టంగా ఊడలుండి, ఆ కిందకు ఒక్కటీ రాకపోతే, ఆ చెట్టు కిందికి జనం ఎక్కువగా వస్తున్నారని తెలుసుకొనవచ్చును.

చేతుల నుండి తప్పించుకొన్న ఊడకు నేలవద్ద మరొక గండం ఉన్నది. మంచి మట్టిలో సుమారు సగమే గట్టి పదార్థం, మిగతా సగం సందులు. పెద్ద సందులలో గాలి, చిన్న సందులలో నీరు ఉంటవి. వేళ్లు కూడా శ్వాసిస్తవి గనుక వాటికి ఆ గాలి కావలెను. 60 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒక క్షణం పూర్తి బరువు ఒక్క పాదం మీదనే ఉంటుంది. పాదం నేలను తాకే మేర సుమారు 150 చదరపు సెంటీమీటర్లు అనుకొంటే, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 400 గ్రాములు. నాలుగు మీటర్ల లోతు నీటి అడుగున ఉండే ఒత్తిడి ఇంతే. మడమ మోపినప్పుడు ఇది ఇంకా ఎక్కువ. ఒక అడుగుతో ఏమీ కాదు. కాని అదే చోట ఏండ్ల తరబడి వేల అడుగులు పడితే పెద్ద సందులు మొదట మూసుకొనిపోతవి. పాలమూరు ప్రాంతంలోని ఎర్ర చల్కనేలలు చాలాచోట్ల లోతు తక్కువవి. తడిసినప్పుడు తొక్కితే అణిగి, ఎండినప్పుడు గచ్చు వలె గట్టిపడతవి. వాన పడితే నీరు లోపలికి ఇంకక పైపైన పారిపోతుంది. ఊడకొన ఆ గట్టి నేలను తాకి, లోపలికి పోలేక, అక్కడే ఎండిపోతుంది. చెట్టుకు నీటిని అందించే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం పై అరమీటరు మట్టిలోనే ఉంటవి. అనగా మనం తొక్కేది సరిగ్గా చెట్టు నోటినే.

రాలిన ఆకు గురించి కూడా ఒక మాట. విహారస్థలం శుభ్రంగా కనబడవలెనని ఆకును ఊడ్చి తగులబెట్టుట చాలాచోట్ల ఉన్న అలవాటు. నిజానికి ఆకు చెత్త కాదు. కుళ్లి ఎరువవుతుంది, తేమను ఆపుతుంది, అడుగుల దెబ్బకు పరుపు వలె అడ్డుపడుతుంది. చెట్టు కింద ఊడ్వవలసినది మనం తెచ్చి పారవేసిన కాగితాలను, సంచులను మాత్రమే.

2017లో పిల్లలమర్రికి పట్టిన చెదలను ఈ నేపథ్యంలో చూడవలెను. చెద కట్టెలోని సెల్యులోజును తిని బ్రతుకుతుంది. దానిని జీర్ణం చేసుకొనుటకు పేగులోని సూక్ష్మజీవులు కొన్ని జాతుల చెదలకు తోడ్పడతవి. మరికొన్ని జాతులు పుట్టలలో బూజును సాగుచేసుకొని దాని సాయం పొందుతవి. చీమ కన్నా చిన్నదైన ఈ సేద్యగాడి నేర్పు వేరుగా ఒక వ్యాసానికి తగినది. చెట్టు లోపలి చేవ బ్రతికి ఉండే భాగం కాదు. బెరడు కింద ఉన్న పలుచని పొర, దాని పక్కనున్న దారువు మాత్రమే సజీవమైనవి. గాయంలేని బెరడు, ధారగా కారే పాలు ఉన్నంతవరకు చెదలు లోపలికి చొరబడుట కష్టం. కోసిన కొమ్మ మొదళ్లు, ఎండిన వేళ్లు వాటికి తెరిచిన తలుపులు. చెద రోగానికి మొదలు అనుటకన్నా నీరసించినవాని ఇంట దూరిన దొంగ అనుట మేలు. దొంగను పట్టినంతమాత్రాన నీరసం పోదు.

అయినా ముందు దొంగను పట్టవలసినదే. చెట్టు మానులకు రంధ్రాలు చేసి చెదల మందు ఎక్కించుటకు ప్రయత్నించగా, పోసిన మందు బయటకు కారిపోయింది. అప్పుడు 2018లో ఆసుపత్రులలో రోగికి సెలైను ఎక్కించే పద్ధతిని అనుసరించారు. నీటిలో పలుచన చేసిన క్లోరిపైరిఫాస్ అనే మందును సీసాలలో నింపి కొమ్మలకు వ్రేలాడదీసి, గొట్టాల ద్వారా బొట్టుబొట్టుగా రంధ్రాలలోకి దింపారు. వందలకొద్ది సీసాలతో చెట్టు ఆసుపత్రి వార్డు వలె కనబడిన ఆ దృశ్యం దేశమంతటా పత్రికలకెక్కింది. చూచుటకు వింతగా ఉన్నా అందులోని సూత్రం చిన్నది. ఒక్కమారు పోసిన ద్రవం సందు నిండగానే పొర్లిపోతుంది. బొట్లుగా వచ్చేది కట్టె పీల్చుకొనే వేగానికి సరిపోతుంది. వేళ్లవద్ద కూడా మందు పోశారు. బరువు కొమ్మలకు కాంక్రీటు స్తంభాలు ఆసరాగా నిలిపారు. ఊడ చేయవలసిన పనిని సిమెంటు చేస్తున్నదన్నమాట.

అనంతపురం సీమలో కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ గ్రంథానికెక్కిన చెట్టు, సుమారు ఐదెకరాలు వ్యాపించినది. అక్కడ లేత ఊడలను మట్టి, ఎరువు నింపిన వెదురుబొంగుల గుండా నేలకు చేర్చుతారు. ఊడకు చీకటి, తడి, ఆహారం మూడూ దారిలోనే దొరుకుతవి, జనం చేతులు తగలవు. సిమెంటు స్తంభం నిలిపిన నాడే పాతబడసాగుతుంది. వెదురులో దిగిన ఊడ నానాటికి బలపడుతుంది. ఖర్చు చూచినా వెదురే మేలు.

యాత్రికుల తాకిడికి లోబడిన చెట్లు ఇతర దేశాలలోను ఉన్నవి. అమెరికాలోని కాలిఫోర్నియాలో యోసెమిటీ వనంలోని మారిపోసా తోపులో ఒక మహావృక్షానికి 1881లో యాత్రికుల సరదా కోసం బండి దూరేటంత సొరంగం తొలిచారు. ఎందరో దాని గుండా బండ్లు నడిపి ఛాయాచిత్రాలు తీయించుకొన్నారు. 1969లో మంచుబరువుకు అది కూలిపోయింది. అదే తోపులో 2015 నుండి 2018 వరకు యాత్రికులను రానీయక, చెట్ల వేళ్లమీద వేసిన తారురోడ్లను, బండ్లు నిలిపే స్థలాన్ని తొలగించి, నీరు పారే పాతదారులను తిరిగి తెరిచారు. న్యూజిలాండులో కౌరి అనే చెట్లను చంపే తెగులు మట్టి అంటిన బూట్లతోనే ఒకచోటనుండి మరొకచోటికి పోతుంది. కనుక అక్కడ అడవి బాటల మొదట బూట్లు కడిగే ఏర్పాటు ఉన్నది. శ్రీలంకలోని అనురాధపురంలో మర్రికి దగ్గరి చుట్టమైన రావిచెట్టు రెండువేల ఏండ్లకు పైగా పూజలందుకొంటున్నది. దానిని ఎత్తైన అరుగుపై, కంచె లోపల ఉంచారు. భక్తులు కిందనుండియే నమస్కరిస్తారు. తాకకపోయినందున వారి భక్తికి లోటు వచ్చినట్లు లేదు.

పిల్లలమర్రికి విద్యార్థులను తీసుకొనిపోయే ఉపాధ్యాయులు లోపలికి ఎంతవరకు పోనిస్తారో బయలుదేరేముందే కనుక్కొనవలెను. దూరంగా నిలిచి చేయదగిన పని చాలా ఉన్నది. చెట్టు అంచు వెంబడి నడిచి అడుగులు లెక్కించి, చుట్టుకొలత నుండి వైశాల్యం అంచనా కట్టవచ్చును. అంచు గుండ్రంగా ఉండదు గనుక ఇద్దరి జవాబులు కలవవు. ఎందుకు కలవలేదని వాదించుకొనుట గణితపాఠంలో భాగమే. కాంక్రీటు స్తంభాలెన్ని, నేలకు దిగిన ఊడలెన్ని, గాలిలో వ్రేలాడేవెన్ని అని మూడు జట్లుగా లెక్కపెట్టవచ్చును.

ఊడ పెరుగుదలను కొలుచుటకు మాత్రం అంతదూరం పోనవసరం లేదు. పాలమూరు, నల్లగొండ పల్లెలలో చెరువుకట్టమీదనో, ఊరి బయట రచ్చవద్దనో ఒక మర్రి ఉండకపోదు. వాన కాలం మొదట్లో దానికి వ్రేలాడే లేత ఊడ నొకదానిని ఎంచుకొని, కొనకు జానెడు పైన రంగు దారం కట్టవలెను. వారానికొకసారి దారం నుండి కొన వరకు ఎంత దూరమున్నదో స్కేలుతో చూచి వ్రాసుకొనవలెను. వానలున్న వారానికి, లేని వారానికి తేడా ఆ అంకెలలో కనబడుతుంది. దారం బిగించి కట్టరాదు, కొలిచేటప్పుడు కొనను వ్రేలితో ముట్టరాదు. ఊడ నేలను తాకబోయే చోట రెండు తట్టల మట్టిని గుల్లచేసి, నాలుగు రాళ్లు అడ్డం పెట్టి, ఎవరూ తొక్కకుండా చూచుకొనవలెను.